ఎలక్ట్రిక్ కారు ఖర్చు పన్నులో చూపించవచ్చా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో జీవిత బీమా ఏజెంటుగా పనిచేస్తున్నాను. ఏడాదికి ఖర్చులు పోను 22 లక్షలు మిగులుతుంది. 2025 నవంబరులో 16 లక్షలు పెట్టి నా పేరుతో ఎలక్ట్రిక్ కారు కొన్నాను, ఎక్కువ భాగం లోను. పాలసీల పనికి ఊళ్ళు తిరిగేది దీని మీదే, ఇంటి అవసరాలకూ వాడతాం. ఈఎమ్ఐ మొత్తం ఖర్చుగా చూపించవచ్చా? రిటర్న్ కొత్త విధానంలో వేస్తున్నాను.

జవాబు: ఈఎమ్ఐ మొత్తం కుదరదండీ. అందులో అసలు భాగం మీ అప్పు తీరడమే, ఖర్చు కాదు. వడ్డీ మాత్రం ఖర్చే. అసలుకు బదులు మీకు దక్కేది తరుగుదల, అంటే కారు ధరలో ఏటా కొంత శాతాన్ని ఖర్చుగా రాసుకోవడం. చాలామంది నష్టపోయేదీ అక్కడే. మామూలు కారుకు తరుగుదల ఏడాదికి 15 శాతం. ఎలక్ట్రిక్ వాహనాన్ని ఆదాయపు పన్ను నిబంధనలు కార్ల వరుసలో కాకుండా గాలిమరలు, సౌర పరికరాలున్న వరుసలో పెట్టాయి. దాని రేటు 40 శాతం. కారు అనగానే అలవాటుగా 15 వేసేసే వాళ్ళున్నారు. మీ రిటర్న్ తయారుచేసేవారిని ఈ ఒక్క మాట తప్పకుండా అడగండి.

నవంబరులో కొన్నారు కాబట్టి 2025-26లో వాడింది 180 రోజుల కన్నా తక్కువ. అందుకని మొదటి ఏడాది సగమే, అంటే 20 శాతం: 3,20,000. పనికి తిరిగింది 70 శాతం అనుకుంటే మీ లెక్కలోకి వచ్చేది 2,24,000. మీ స్లాబుల ప్రకారం తరుగుదల ఒక్కదానితోనే సుమారు 57 వేల పన్ను తగ్గుతుంది. అదే పెట్రోలు కారైతే తరుగుదల 84,000 దగ్గరే ఆగేది. ఒకటి గుర్తుంచుకోండి: ముందు ఎక్కువ తీసుకుంటే తరువాతి ఏళ్ళలో మిగిలేది తక్కువ.

వడ్డీ, బీమా, సర్వీసింగ్, చార్జింగ్ కూడా ఆ 70 శాతం మేరకే. ఎలక్ట్రిక్ వాహన లోను వడ్డీకి లక్షన్నర మినహాయింపు ఇచ్చే 80ఈఈబీ సెక్షన్ గురించి మీరు వినే ఉంటారు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే, పైగా కొత్త విధానంలో లేదు. దాని కోసం టెన్షన్ పడకండి, వ్యాపార ఖర్చుగా చూపే వడ్డీకి కొత్త విధానం అడ్డు కాదు. కారుపై కట్టిన జీఎస్టీ మీకు వెనక్కి రాదు కనుక అది కారు ధరలోనే కలుస్తుంది. షోరూములో ఒకే రోజు పది వేలకు మించి నగదు కట్టి ఉంటే ఆ సొమ్ము మాత్రం ధరలోకి రాదు.

నాకు నిజంగా బెంగగా ఉండేది ఆ 70 శాతం గురించే. నోటీసు వస్తే దానికి రుజువు చూపించాల్సింది మీరే. కారులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, బయలుదేరినప్పుడు, తిరిగొచ్చినప్పుడు మీటరు రీడింగు, ఏ ఊరు, ఏ పాలసీ పని. రోజుకు ఒక నిమిషం పని. ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది, అలా చేయకండి. ఇప్పటిదాకా రాయకపోతే మీ డైరీ, ప్రీమియం రసీదుల తేదీలు, సర్వీసింగ్ బిల్లుల మీది కిలోమీటర్లు ముందు పెట్టుకుని నిజాయితీగా తేలినంత శాతమే వేయండి, అది 55 అయినా సరే.

ఇంట్లో చార్జింగుకు ఒక సబ్ మీటరు పెట్టించండి. ఇంటి కరెంటు బిల్లులో కారుది ఎంతో విడిగా చూపించలేకపోతే ఆ ఖర్చు వదులుకోవాల్సి వస్తుంది.