నాన్నగారి అడుగులు లెక్కపెట్టడం ఆపండి

ప్రశ్న: మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్, పదకొండో అంతస్తు. నాన్నగారికి 71 ఏళ్లు. బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం అమ్మ పోయాక వనస్థలిపురం ఇల్లు అద్దెకిచ్చి, ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకున్నాం. పొద్దున లేచింది మొదలు సోఫాలోనే. టీవీ, కాదంటే ఫోన్. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టర్ చెప్పారు. అడుగులు లెక్కపెట్టే వాచీ కొనిచ్చాను. రోజుకి వెయ్యి కూడా దాటవు. అడిగితే మాట్లాడరు. ఆర్నెల్ల క్రితం బాత్రూంలో జారిపడ్డారు, దెబ్బలేం తగల్లేదు గానీ అప్పట్నుంచి ఒంటరిగా బయటికి పంపడం లేదు. ఒకసారి చెప్పకుండా బస్సెక్కి కూకట్‌పల్లి రైతుబజారుకి వెళ్లి టమాటాలు మోసుకొచ్చారు. మందలించాను. ఇక్కడ ఆయనకి ఏ లోటూ లేదు, మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికే అందిస్తాం. ట్రెడ్‌మిల్ కొనాలా, కూర్చుని తొక్కే సైకిల్ కొనాలా?

జవాబు: రెండూ వద్దు. బాత్రూంలో జారిపడిన మనిషిని కాళ్ల కింద కదిలే పట్టా మీద నిలబెట్టకండి. ఆ డబ్బులో కొంత పెట్టి బాత్రూం గోడకి పట్టుకునే రాడ్డు బిగించి, కింద జారని మ్యాట్ వేయించండి. మీ ప్రశ్న అంతటితో అయిపోయింది.

ఇక టమాటాల సంగతి. మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. ఆర్నెల్లుగా సోఫా దిగని మనిషి ఆ రోజు చొక్కా మార్చుకుని, సంచీ వెతుక్కుని, బస్సెక్కి, బేరమాడి, బరువు మోసుకుని ఇంటికొచ్చారు. మీరు కొనిచ్చిన వాచీ ఏడాదిలో చేయించలేని పని అది. గుమ్మంలోనే మీరేమన్నారో నేను ఊహించగలను. 'యాప్‌లో పెడితే పది నిమిషాల్లో వస్తాయి కదా, ఎవరు తెమ్మన్నారు?' అనేగా? పైగా నలుగురూ ఏమనుకుంటారన్న బెంగ ఒకటి, పెద్దాయనతో కూరలు మోయిస్తున్నారని. ఆ సాయంత్రం ఆయన తిరిగి సోఫాలో కూర్చున్నారు. మళ్లీ ఎందుకు లేస్తారు?

మీ నాన్నగారికి బద్ధకం అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. అన్నేళ్లు నడిచే బస్సులో నిలబడి, కిక్కిరిసిన జనంలోంచి ముందు డోరు నుంచి వెనక డోరుకి తిరిగిన మనిషి ఆయన. లండన్‌లో జెరీ మోరిస్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ బస్సు సిబ్బంది మీద చేసిన పరిశోధన 1953లో అచ్చయింది. డబుల్ డెకర్ బస్సుల్లో రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని తేలింది. కూర్చునే పని మనిషిని ఏం చేస్తుందో లోకానికి తెలియజెప్పింది మీ నాన్నగారి వృత్తివాళ్లే. ఆయనకి నడక విలువ మీరూ నేనూ చెప్పాలా?

అసలు చిక్కు మీ ఇద్దరి మధ్య ఉంది. మీరు ఆఫీసు నుంచి రాగానే ఆయనతో మాట్లాడే మొదటి మాట ఏమిటి? 'ఇవాళ ఎన్ని అడుగులు?' ఉద్యోగమంతా చెకింగ్ వాళ్లు బస్సెక్కినప్పుడల్లా టికెట్లకీ డబ్బుకీ లెక్క అప్పజెప్పిన మనిషి. రిటైరయ్యాక ఆ లెక్క కొడుక్కి చెప్పాలా? మాట్లాడరంటే మాట్లాడరు మరి. నేనైనా అంతే.

మంచినీళ్లు చేతికందించడం మర్యాదే, మీ ఆవిడని తప్పుపట్టను. కానీ రెండేళ్లు వరసగా అందిస్తే అది చుట్టానికి చేసే మర్యాద అవుతుంది. మా అమ్మ చేతిలోంచి నేనూ ఒకప్పుడు చీపురు లాక్కున్నాను, రెస్ట్ తీసుకోమని. 'అయితే ఇంక నేనేం చెయ్యాలే?' అంది. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పాదాల వాపు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కూర్చునే ఉంటే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెట్టవు, నీరు దిగుతుంది, నిజమే. అయితే గుండె, కిడ్నీల వల్లా రావచ్చు, కొన్ని బీపీ మాత్రల వల్లా పాదాలు వాస్తాయి. వాడే మందులన్నీ పట్టుకెళ్లి డాక్టర్‌కి ఒకసారి చూపించండి, ఒంటరిగా తిరగడం గురించీ అప్పుడే అడగండి. లేవగానే కళ్లు తిరుగుతున్నాయేమో కూడా కనుక్కోండి. మంచం అంచున కాసేపు కూర్చుని లేవడం అలవాటైతే మంచిది.

65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడకలాంటిదీ, మూడు రోజులైనా కాళ్ల బలానికీ బ్యాలెన్స్‌కీ పనికొచ్చే కదలికలూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ 150 విని కంగారుపడకండి. కాస్త కదిలినా అసలు కదలకపోవడం కంటే మేలని చెప్పిందీ వాళ్లే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం తొడలకి మంచి పని. అదీ మీరు పక్కన నిలబడి లెక్కపెట్టకుండా.

వ్యాయామం అనకుండా పని అనండి. కూరల బాధ్యత ఆయనకి వదిలేయండి, డబ్బుతో సహా. పాల ప్యాకెట్లకి కిందికి ఆయనే వెళ్తారు. మంచినీళ్ల సీసా వంటింట్లో ఉంటుంది, ఆయనకి దారి తెలుసు. వనస్థలిపురంలో పాత స్నేహితులు ఉండే ఉంటారు. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్ దాకా మధ్యలో దిగే పని లేదు. మొదటిసారి మీరు తోడు వెళ్లండి, రెండోసారి ఫోన్ చేసి చేరారో లేదో కనుక్కోండి, చాలు.

ఈ ఆదివారం మాత్రం ఆయనతో కలిసి రైతుబజారుకి బస్సులోనే వెళ్లండి. సంచీ ఆయన పట్టుకుంటారు. బేరం మధ్యలో దూరకండి. వాచీ ఆయన చేతికే ఉండనివ్వండి, టైం చూసుకుంటారు. మీ ఫోన్లో ఉన్న ఆ అడుగుల యాప్ ఈ రాత్రే తీసేయండి.