రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో ఉన్న తాగునీరు, రోడ్ల లాంటి 29 అంశాలు పంచాయతీవే అంటారు కదా, మరి సర్పంచ్ సొంతంగా ఎందుకు నిర్ణయించలేడు?

ఆ 29 అంశాలను రాజ్యాంగం నేరుగా పంచాయతీల చేతికి ఇవ్వలేదు, ఎంతవరకు ఇవ్వాలో తేల్చే పని రాష్ట్ర శాసనసభకు వదిలింది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణలో, 243జి అధికరణం దగ్గర ‘ఇవ్వవచ్చు’ అనే ఉంది, ‘ఇచ్చి తీరాలి’ అని లేదు. తిరకాసంతా ఆ ఒక్క మాటలోనే.

ఫ్లోరైడ్ బాధ పడ్డ నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఏ ఊరైనా తీసుకోండి. తాగునీరు ఆ 29లో ఒకటి. కానీ ఊరి ట్యాంకు దాకా నీళ్లు తెచ్చే మిషన్ భగీరథ పెద్ద పైపులైను రాష్ట్ర శాఖది. వీధిలో పైపు పగిలితే అతికించడం, ట్యాంకు కడిగించడం పంచాయతీ పని. పైనుంచి ఎన్ని నీళ్లు వదలాలో మాత్రం దాని చేతిలో లేదు. డబ్బుదీ అదే తంతు. 2021-26 కాలానికి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే పెట్టాలన్నది షరతు. ఆ వాటాతో సీసీ రోడ్డు వేస్తామంటే కుదిరేది కాదు.

చెక్ పవర్ ఉంటే సర్పంచ్‌దే రాజ్యం అనుకుంటారు చాలామంది. కానీ తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా పెట్టించింది. ఇక సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం, ఓటేసిన ఊరికి కాదు, కలెక్టర్‌కు ఉంది.