మీరడిగారు: శేషాచలం మూలికలు రేపు ఎక్కడ బతుకుతాయి?

ప్రశ్న: వాతావరణం మారితే కొండసాంబ్రాణి చెట్టు ఎటు జరుగుతుందో మాక్సెంట్‌తో (చెట్టు కనిపించిన చోట్ల వాతావరణాన్ని బట్టి దానికి అనుకూలమైన చోట్లను అంచనా కట్టే సాఫ్ట్‌వేర్) చూస్తున్నాను. చెట్టు కనిపించిన చోట్లు 58 ఉన్నాయి, ఏయూసీ (మోడల్ ఎంత బాగా గుర్తుపడుతోందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.97 వచ్చింది. కానీ మ్యాపులో అనుకూలమైన చోటంతా ఘాట్ రోడ్డు వెంబడే చూపిస్తోంది. ఎక్కడ తేడా వచ్చింది? – ఎమ్మెస్సీ బోటనీ విద్యార్థిని, తిరుపతి

మీ మ్యాపులో కనిపిస్తున్నది చెట్టుకు నచ్చిన చోటు కాదమ్మా, మనుషులు నడిచిన దారి. హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలను దాచే చోటు) నమూనాల్లో ఎక్కువ భాగం ఘాట్ రోడ్డు, మెట్లదారి, తలకోన బాట పక్కన సేకరించినవే ఉంటాయి. అందుకని ముందు చోట్లను పలచన చేయండి. కిలోమీటరు గడికి ఒకటి చాలు. రెండు చోట్ల మధ్య 2 కిలోమీటర్లు ఉంటే ఇంకా మంచిది. 58 కాస్తా ముప్ఫైకి పడిపోయినా దిగులు పడొద్దు.

ఇక 0.97 సంగతి. చెట్టు లేని చోట్లు మాక్సెంట్‌కు తెలియవు. మీరిచ్చిన ప్రాంతంలోంచి మామూలుగా 10,000 నేపథ్య బిందువులు తీసుకుని, వాటితో చెట్టున్న చోట్లను పోల్చుకుంటుంది. దేశం మొత్తం ఇస్తే రాజస్థాన్‌కూ శేషాచలానికీ తేడా చెప్పడం దానికి చాలా తేలిక, ఏయూసీ ఊరికే పెరిగిపోతుంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణ కొస వరకు కుదించండి. అయితే కడప మైదానాన్ని మాత్రం వదలొద్దు. కొండల మీద రేపు రాబోయే వేడి ఈరోజు అక్కడ ఉంది. ఆ వేడిని చూడని మోడల్ భవిష్యత్తు మీద చెప్పేదంతా ఊహే. వీలైతే అవే దారుల్లో సేకరించిన మిగతా చెట్ల చోట్లనే నేపథ్య బిందువులుగా ఇవ్వండి. అప్పుడు దారి ప్రభావం రెండు వైపులా ఉండి చాలావరకు కొట్టుకుపోతుంది.

పరీక్షకు పాతిక శాతం బిందువులను యాదృచ్ఛికంగా పక్కన పెట్టే అలవాటు మానుకోండి. అవి శిక్షణ బిందువుల పక్కనే ఉంటాయి కాబట్టి మోడల్ ఎప్పుడూ పాసవుతుంది. ప్రాంతాన్ని నాలుగు ముక్కలు చేసి, మూడింటితో నేర్పి నాలుగోదాని మీద పరీక్షించండి. ఏయూసీ తగ్గుతుంది. ఆ తగ్గిన అంకెనే థీసిస్‌లో రాయండి.

బిందువుల ఫైలు కూడా ఒకసారి తెరిచి చూడండి. మాక్సెంట్‌కు ముందు జాతి పేరు, తర్వాత రేఖాంశం, ఆ తర్వాతే అక్షాంశం ఉండాలి. తిరుమలను 79.35, 13.68 అని రాయాలి. తిరగేస్తే ఆ బిందువు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. వాతావరణ పొరలను (గడిగడికీ వాన, వేడి అంకెలున్న మ్యాపులను) మన ప్రాంతానికి కత్తిరించి ఉంటారు కాబట్టి మ్యాపులో ఆ తప్పు కనిపించదు, బిందువు రాలిపోతుందంతే. ఇంకో తప్పు ఇంతకంటే మోసకారి. పాత నమూనా మీద 13 డిగ్రీల 40 నిమిషాలు అని ఉంటే దాన్ని 13.40 అని కొట్టేస్తారు. అసలు విలువ 13.667. ఆ తేడాతో తిరుమల చెట్టు దాదాపు 30 కిలోమీటర్లు దక్షిణానికి, కార్వేటినగరం ఛాయలకు దిగిపోతుంది. అక్కడా కొండలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ప్రశ్న: వరల్డ్‌క్లిమ్ అనే ప్రపంచ వాతావరణ డేటాలోని 19 పొరలూ వాడొచ్చా? భవిష్యత్తుకు ఏది తీసుకోవాలి? – పరిశోధక విద్యార్థి, చిత్తూరు

వద్దు. సగానికి పైగా ఒకే మాటను వేర్వేరుగా చెప్పేవే. బయో 8, 9, 18, 19 ముందే తీసేయండి. వాన, వేడి కలిపి లెక్కగట్టిన పొరలివి. పక్కపక్క గడుల మధ్య ఉన్నట్టుండి అంకె దూకుతుంది. మనకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఉన్నాయి గనుక వానెక్కువ త్రైమాసికం ఒక గడిలో ఒకటి, పక్క గడిలో ఇంకొకటి కావచ్చు. మిగిలినవాటిలో పరస్పర సంబంధం 0.7 దాటిన ప్రతి జతలోనూ ఒకటి వదిలేయండి. ఏది ఉంచాలో చెట్టును బట్టి తేల్చుకోవాలి. ఆకురాల్చే కొండ చెట్లకు బయో 5, అంటే అత్యంత వేడి నెల గరిష్ఠ ఉష్ణోగ్రత, బయో 15, అంటే వానల హెచ్చుతగ్గులు ఉంచమంటాం. నేల పొర తప్పనిసరి. క్వార్ట్‌జైట్ రాతి నేల మీద పెరిగే ఎర్రచందనాన్ని వాన లెక్కతోనే అంచనా కడితే నల్లరేగడిలోనూ మొలిపిస్తుంది.

భవిష్యత్తుకు 2041–2060, 2081–2100 కాలాలు తీసుకోండి. ఎస్ఎస్‌పీ 245, 585 (కర్బన ఉద్గారాలు మధ్యస్థంగా, బాగా ఎక్కువగా ఉంటాయనుకునే అంచనాలు) రెండింటికీ కనీసం మూడు వాతావరణ మోడళ్లతో వేసి, అన్నీ ఒప్పుకున్న చోటే రంగు వేయండి.

ఎత్తు సంగతీ చూసుకోండి. ఒక డిగ్రీ వేడి పెరిగితే అదే చల్లదనం కోసం చెట్టు సుమారు 150 మీటర్లు పైకి పోవాలి. మన కొండలు వెయ్యి మీటర్లు దాటి కాస్త దూరంలోనే ఆగిపోతాయి. పైభాగంలో ఉన్న మొక్కకు ఆపైన చోటు లేదు. మ్యాపు దాన్ని నల్లమలలో చూపించినా, మధ్యలో ఉన్న మైదానాలు దాటి గింజ అక్కడికి ఎలా చేరుతుందో మాక్సెంట్ లెక్కించదు.

ప్రశ్న: మా ప్రాంతం 2050 నాటికి మారేడు కొమ్ములకు (నన్నారి గడ్డలకు) అనుకూలమని ఒక మ్యాపు చూశాను. రెండెకరాల్లో వేయొచ్చా? – రైతు, పలమనేరు

ఆ మ్యాపు మీద నమ్మకంతో మాత్రం వేయొద్దండీ. నన్నారి షర్బత్‌కూ పచ్చడికీ ఈ గడ్డలను అందిన చోటల్లా తవ్వేశారు. గడ్డ పోతే మొక్కా పోతుంది. మనిషి చేయి అందని రాతి సందుల్లో మిగిలినవే లెక్కలోకి వస్తాయి కనుక, దానికి రాళ్లంటేనే ఇష్టమని మోడల్ అనుకుంటుంది. నిజంగా అది కోరే నేల మీ పొలంలోనే ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. పైగా ఆ మ్యాపు ఇరవై ఏళ్ల సగటు. లేత మొక్కను చంపే ఒక్క కరువు ఏడాది అందులో కనపడదు. నీరు నిలవని గట్టు వారన ఇరవై, ముప్ఫై మొక్కలు పెట్టండి. రెండు ఎండాకాలాలు నిలబడ్డాక మిగతా నేల సంగతి చూద్దురు.

ప్రశ్న: కొండ కొత్తిమీర 9 చోట్లే దొరికింది. మోడల్ చేయొచ్చా? – అధ్యాపకురాలు, పుత్తూరు

చేయొచ్చు. పొరలు రెండు మూడుకు మించొద్దు, రేఖీయ (సరళ రేఖలా పోయే) సంబంధాలే ఉంచండి. ఒక్కో చోటును తీసేసి, మిగతా 8తో అది తేలుతుందో లేదో తొమ్మిదిసార్లు చూడండి. ప్రచురించేటప్పుడు అసలు అక్షాంశ రేఖాంశాలు బయటపెట్టొద్దు; ఒక్క దశాంశ స్థానానికి కుదించి ఇవ్వండి. ఎర్రచందనానికైతే అంతకూడా ఇవ్వకండి.