ఇంటి వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందా?

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. నాన్నగారు సొంత డబ్బుతో స్థలం కొని కట్టిన ఇల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు. వీలునామా రాయకుండానే రెండేళ్ల క్రితం పోయారు. అమ్మ ఆ ఇంట్లోనే అన్నయ్య వాళ్లతో ఉంటోంది. నాన్నగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నన్నాళ్లూ అన్నయ్య, వదినే చూసుకున్నారు. ఇప్పుడు ఇల్లు తన పేర పెట్టుకుంటానని, నన్నూ తమ్ముణ్ణీ రిలీజ్ డీడ్ (మా వాటా వదులుకుంటున్నట్టు రాసే దస్తావేజు) మీద సంతకం పెట్టమంటున్నాడు. బెంగళూరులో ఉన్న తమ్ముడు ఇల్లు అమ్మి పంచాలంటాడు, లేకపోతే తన వాటా బయటివాళ్లకు అమ్మేస్తానంటున్నాడు. మా వారేమో వాటా వదలడానికి వీల్లేదంటున్నారు. నేను సంతకం పెట్టలేదని ఈ సంక్రాంతికి పుట్టింటి నుంచి పిలుపు రాలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
ఒక సోదరి, కాకినాడ

జవాబు: అమ్మా, ఆ ఇల్లు ఎంత విలువ చేస్తుందో మీరెక్కడా రాయలేదు. పండగకి పిలవలేదని మాత్రం రాశారు. బాధ ఎక్కడుందో అర్థమైంది. సంతకం పెట్టేస్తే మళ్లీ పిలుస్తారన్న ఆశ మీలో ఉంటే, ఆ ఆశతో మాత్రం పెట్టకండి. ఒకసారి రిజిస్టర్ అయిన రిలీజ్ డీడ్‌ను రద్దు చేయించాలంటే మోసమో బలవంతమో జరిగిందని కోర్టులో రుజువు చేయాల్సి వస్తుంది. ఖాళీ స్టాంపు కాగితం మీద అయితే అసలే వద్దు.

మీ ఉత్తరంలో అన్నయ్య మాట, తమ్ముడి మాట, మీవారి మాట ఉన్నాయి. అమ్మగారి మాట ఒక్కటీ లేదు. నాన్నగారి స్వార్జితం, పైగా వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇంట్లో నాలుగు సమాన వాటాలు: అమ్మగారిది ఒకటి, మీ ముగ్గురివి మూడు. నాన్నమ్మగారు బతికి ఉంటే ఆవిడకూ ఒకటి వస్తుంది. ఇంటి పన్ను రసీదు అన్నయ్య పేర మారినంత మాత్రాన ఇల్లు ఆయనది అయిపోదు.

కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ ఇచ్చాం, ఇంకా ఇంట్లో వాటా ఏమిటని ఊళ్లో పెద్దలంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన చట్టంలో కూతురి వాటా పోదు. ఒకప్పుడు ఒక అడ్డు ఉండేది నిజమే. కుటుంబంలో మగవాళ్లు కాపురముంటున్న ఇంటిని పంచమని కూతురు అడగకూడదు, వాళ్లు పంచుకునేదాకా ఆగాలి. 2005 సవరణతో ఆ సెక్షన్‌నే తీసేశారు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయినా కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది.

హక్కు సంగతి అంతే. అసలు చిక్కు వేరే ఉంది. మీ ఇంట్లో రెండు లెక్కలు కలిసిపోయాయి. ఒకటి ఇంటి లెక్క, రెండోది నాన్నగారికి చేసిన సేవ లెక్క. మంచాన పడ్డ మనిషికి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, వేళకి అన్నం పెట్టడమంటే మాటలు కాదు. అందులో ఎక్కువ భాగం మీ వదినగారి చేతుల మీదుగానే జరిగి ఉంటుంది. ఆవిడకు ఆ మాట మీరు గానీ మీ తమ్ముడు గానీ ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పారా? చెప్పకపోతే, మీ అన్నయ్య ఇల్లంతా అడగడం వెనక ఆ ఉక్రోషం ఉండొచ్చు. సేవ చేసినందుకు చట్టం అదనపు వాటా ఇవ్వదు. మీరు ముగ్గురూ కూర్చుని ఇచ్చుకోవచ్చు. ఇవ్వడమే న్యాయమని నాకనిపిస్తుంది.

కాబట్టి ముందు వదినగారితో మాట్లాడండి, ఆస్తి ఊసు లేకుండా. తర్వాత అమ్మగారిని ఒంటరిగా కూర్చోబెట్టి, ఆవిడ ఎక్కడ ఉండాలనుకుంటున్నారో, తన వాటా ఏం చేయాలనుకుంటున్నారో అడగండి. ఆ తర్వాతే అన్నయ్య దగ్గరికి వెళ్లండి. ఆ మొదటి మాటకు మీవారిని వెంట తీసుకెళ్లొద్దు, బావగారు ఎదురుగా ఉంటే అన్నయ్యకు అది తగాదాలాగే కనిపిస్తుంది. ఇలా చెప్పి చూడండి: "అన్నయ్యా, నాన్నని నువ్వూ వదినా చూసుకున్నారు, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. వైద్యానికి నువ్వు పెట్టిన ఖర్చు ముందు తీసేద్దాం. ఇల్లు నువ్వే ఉంచుకో. మిగతాది లెక్క కట్టి మా ఇద్దరికీ నెమ్మదిగా ఇవ్వు. అమ్మ వాటా అమ్మ పేరే ఉండనీ."

రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటు ఒక్కటే చూడకుండా, ఊళ్లో అసలు ఎంతకు అమ్ముడవుతోందో కూడా కనుక్కోండి. కుదిరినదాన్ని పంపకాల దస్తావేజుగా రాయించి రిజిస్టర్ చేయించండి. మీ వాటాలో కొంత వదులుకోవాలనిపిస్తే అప్పుడు వదులుకోండి, ఎంత వదులుతున్నారో తెలిసి, ఇష్టపడి. మీవారికీ ముందే చెప్పండి, నిర్ణయం మీదేనని.

తమ్ముడి బెదిరింపుకు కంగారు పడకండి. ఉమ్మడి కుటుంబం ఉంటున్న ఇంట్లో వాటా కొన్న బయటి మనిషి నేరుగా వచ్చి మీవాళ్లతో పాటు కాపురం పెట్టలేడు. పంపకం కోసం కోర్టుకు వెళ్లాలి. అక్కడ ఆ వాటాను కోర్టు కట్టిన ధరకు కొనుక్కునే అవకాశం మీవాళ్లకు ఉంటుంది. ఆ మాట తమ్ముడికి చెప్తే కొంత తగ్గుతాడు.

మాటలు తెగకపోతే, ముగ్గురూ గౌరవించే మేనమామలాంటి పెద్దమనిషిని కూర్చోబెట్టండి. అదీ కాకపోతే కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అమ్మగారితో మాట్లాడేదాకా మాత్రం ఎవరికీ లాయరు నోటీసు పంపించకండి, మీవారు తొందరపెట్టినా సరే.