గ్రూపు ఫోటోకి ముందు అపర్చర్ సంగతి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కెమెరా కొన్నావని మీ అమ్మ చెప్పింది. "అపర్చర్ అంకె పెంచితే వెలుగు పెరగాలి కదా, ఫోటో నల్లబడుతోందేంటి?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

అపర్చర్ అంటే సందు, అంతే. 'తెరవడం' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టినప్పుడు మీ అమ్మమ్మ మమ్మల్నందర్నీ ఇంట్లో పెట్టి తలుపులు వేసేసింది. పెంకుల సందుల్లోంచి రోజూ నేలమీద గుండ్రంగా పడే ఎండ బిళ్లలు ఆ మధ్యాహ్నం నెలవంకల్లా మారిపోయాయి. సందులు మారలేదు, అవి నేలమీద వేసే సూర్యుడి బొమ్మ మారింది. నేను చూసిన మొదటి కెమెరా అదే. టెలిస్కోపు వాళ్లు కూడా ఈ మాటే వాడతారు. తమిళనాడు కావలూరులోని వైను బప్పు టెలిస్కోపు అపర్చర్ 2.34 మీటర్లంటే, వెలుగు పట్టే దాని అద్దం అంత వెడల్పని.

ఇక నీ అంకె. అది భాగించే అంకె. 50 ఎం.ఎం. లెన్స్‌లో ఎఫ్ 2, అంటే అపర్చర్ అంకె 2 పెడితే 50ని 2తో భాగించు, సందు 25 మిల్లీమీటర్లు. ఎఫ్ 8 పెడితే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. సగం దోసె పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా? అందుకే అంకె పెరిగితే సందు చిన్నదవుతుంది. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని వరస నోటికి పట్టించు. ఒక్కో మెట్టు ఎక్కితే వెలుగు సగానికి పడిపోతుంది.

వెలుగు తగ్గితే షట్టరో (సందు ఎంతసేపు తెరుచుకోవాలో చూసేది) ఐఎస్ఓనో (కెమెరా వెలుగును ఎంత చురుగ్గా పట్టుకోవాలో చెప్పే అంకె) సర్దుకోవచ్చు. అసలు తంటా ఫోకస్ లోతుతో. సందు పెద్దదైతే నువ్వు ఫోకస్ పెట్టిన మనిషి ఒక్కడే స్పష్టంగా ఉండి, ముందూ వెనకా బ్లర్ అవుతుంది. కుర్రాళ్లకి ఆ బ్లర్ అంటే మహా మోజు. నాకూ ఉండేది. రీలు రోజుల్లో ఒక పెళ్లిలో ఎఫ్ 2 పెట్టి జీలకర్ర బెల్లం తీశాను. పెళ్లికూతురి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు, పెళ్లికొడుకు మాత్రం పొగమంచులో ఉన్నాడు. రీలు కడిగాక గానీ తెలియలేదు. మళ్లీ తాళి కట్టించలేం కదా! ఆ కుటుంబం ఎదురైతే ఇప్పటికీ పక్క సందులోకి తిరుగుతాను.

అందుకని ఒక్కరి ఫోటో అయితే, లెన్స్ అంత తెరుచుకుంటే, 2కో 2.8కో వెళ్లు, కళ్ల మీద ఫోకస్ పెట్టు. ఇద్దరుంటే 4. రెండు మూడు వరసల గ్రూపుకి 5.6 నుంచి 8, ఫోకస్ ముందు వరస మీద. మండపంలో వెలుగు చాలకపోతే ఐఎస్ఓ 1600కి పెంచడానికి టెన్షన్ పడకు. కాస్త గరుకుదనం ఎవరూ పట్టించుకోరు, మొహం కనబడకపోతే మాత్రం జీవితాంతం చెప్పుకుంటారు. అలాగని భయపడి 22కి పోకు. అంత సన్నటి సందులో వెలుగు చెదిరి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది.

కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌లో జూమ్ చేస్తే పెట్టగలిగే అతి చిన్న అంకె 3.5 కాస్తా 5.6 అయిపోతుంది. కెమెరా పాడైందనుకుని షాపుకి పరిగెత్తకు, ఆ లెన్స్ తయారీయే అంత. మొదట్లో మాన్యువల్ జోలికి పోకుండా డయల్‌ని 'ఎ' మీద పెట్టు, కెనాన్ అయితే 'ఎవి'. సందు నువ్వు చూసుకో, షట్టర్ సంగతి అది చూసుకుంటుంది. షట్టర్ 60 (అంటే సెకనులో 60వ వంతు) కంటే కిందికి దిగి నెమ్మదిస్తోందేమో మాత్రం కనిపెట్టు, చెయ్యి వణికితే అపర్చర్ ఏం చేస్తుంది పాపం.

శ్రావణంలో చెల్లి పెళ్లికి నువ్వూ కెమెరా తెస్తావుగా. జీలకర్ర బెల్లం నేను తీస్తాలే, గ్రూపులు నువ్వు చూసుకో. వచ్చేటప్పుడు ఎక్కి నిలబడ్డానికి ఒక స్టూలు పట్టుకురా.

మీ మామయ్య