మే నెల ఎండలో తిరుపతి ఒక్కరోజు: బ్యాగుతో ఎలా తిరగాలి?

తమ్ముడూ, దర్శనం అయిపోయింది, రాత్రి రైలు, చేతిలో ఐదొందలు, వీపున బ్యాగు, ఊరు కొత్త అన్నావు. రూమ్ అక్కర్లేదులే. ముందు బ్యాగును రైల్వే స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టు. తాళం లేని బ్యాగు తీసుకోరు, చిన్న తాళం కొనుక్కో.

గోవిందరాజస్వామి గుడి స్టేషన్ నుంచి నడిచే దూరమే, పొద్దున్నే చూసెయ్. తర్వాత ఆటో జోలికి పోకుండా చంద్రగిరి బస్సెక్కు. పదిహేను కిలోమీటర్ల లోపే. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో అదొకటి. అక్కడి రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. గోడలు మందం కాబట్టి బయట నిప్పులు కురుస్తున్నా లోపల కాస్త చల్లగానే ఉంటుంది. మధ్యాహ్నం అక్కడే గడుపు, మ్యూజియంలో విగ్రహాలు తాపీగా చూడు. శుక్రవారం మాత్రం వెళ్ళొద్దు, సెలవు. తిరిగొచ్చేటప్పుడు ఓపికుంటే శ్రీనివాసమంగాపురంలో దిగి అక్కడి వెంకన్న గుడి చూడు.

కపిలతీర్థం జలపాతం ఫొటోలు చూసి మోసపోకు, అవి వానాకాలంవి. సాయంత్రం తిరుచానూరు అమ్మవారి గుడికి వెళ్ళు, ఐదు కిలోమీటర్లే.

ఇంకో మాట. గుళ్ళ ప్రాకారాల్లో రాళ్ళు పెనంలా కాలతాయి. నేనొకసారి మిట్టమధ్యాహ్నం ప్రదక్షిణకి దిగి సగం గెంతుతూనే పూర్తిచేశాను! పదకొండు లోపో, ఐదు దాటాకో వెళ్ళు. రెండు లీటర్ల నీళ్ళు, ఒక తువ్వాలు దగ్గరుంచుకో. ఎక్కడైనా రాగిసంగటి దొరికితే వదలొద్దు.