రిపోర్టులో ఐఎల్-6 అంటే ఏమిటి? పాఠకుల ఆరోగ్య సందేహాలు

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు. జ్వరం, ఆయాసంతో ఊళ్లో చూపిస్తే సీఆర్‌పీ 6.4 అన్నారు. మర్నాడు శ్రీకాకుళంలో చేర్పిస్తే 48 వచ్చింది. ఐఎల్-6 అని ఇంకోటి చేసి 32 అన్నారు. ఒక్క రోజులో ఇంత పెరిగిపోయిందేటని ఇంట్లో అందరం బెంగపడిపోతున్నాం. రెండు కాగితాలూ జతచేశాను.
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: సీఆర్‌పీ పెరగలేదమ్మా, తగ్గింది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీను అది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న కొలత చూడండి. మొదటి ల్యాబ్ డెసిలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాసింది, రెండోది లీటరుకు ఎన్నో రాసింది. డెసిలీటరు లీటరులో పదో వంతు. మొదటి 6.4ని 10తో గుణిస్తే 64. అంటే 64 నుంచి 48కి దిగింది. ఈ కొలతల తేడా వల్ల అనవసరంగా భయపడే ఇళ్లు చాలా ఉన్నాయి. భయం ఒక్కటే అయితే పరవాలేదు, మందు పనిచేయడం లేదనుకుని ఆసుపత్రి మార్చేసేవాళ్లూ ఉంటారు.

ఇక ఐఎల్-6, అంటే ఇంటర్‌ల్యూకిన్-6. సూక్ష్మక్రిమి చొరబడినా, దెబ్బ తగిలినా మన రక్షణ కణాలు కొన్ని చిన్న ప్రొటీన్లను వదిలి మిగతా కణాలకు కబురు పెడతాయి. వాటినే సైటోకైన్లంటారు. ఐఎల్-6 వాటిలో ఒకటి. ఒకటి రెండు గంటల్లోనే రక్తంలో పెరిగి, కాలేయాన్ని సీఆర్‌పీ తయారుచేయమంటుంది. సీఆర్‌పీ కనిపించడానికి 6 గంటలైనా పడుతుంది, గరిష్ఠానికి చేరేసరికి దాదాపు 48 గంటలు. వాన వెలిశాక కూడా చెరువు నిండుగానే ఉన్నట్టు, ఐఎల్-6 దిగిపోయాక కూడా సీఆర్‌పీ కొన్నాళ్లు ఎక్కువగానే కనబడుతుంది.

సీఆర్‌పీ తయారీ పూర్తిగా ఆగితే రక్తంలో ఉన్నది సుమారు 19 గంటలకు సగమవుతుంది. ఆ లెక్కన మీ అమ్మగారికి మర్నాటికి 27 దగ్గర ఉండాలి. 48 ఉందంటే తయారీ తగ్గింది గానీ ఆగలేదు. మందు పట్టడం మొదలైనప్పుడు ఇలాగే ఉంటుంది. రెండు రోజులాగి అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి.

ఐఎల్-6 మిల్లీలీటరుకు 7 పికోగ్రాముల లోపు ఉంటే మామూలని చాలా కిట్లు చెబుతాయి. 32 అంటే వాపు ప్రక్రియ నడుస్తోందనే అర్థం. అది బ్యాక్టీరియా వల్లనా, వైరస్ వల్లనా, ఆపరేషన్ గాయం వల్లనా అన్నది ఆ అంకె చెప్పలేదు. గంటల్లో మారిపోయే దాన్ని ఇంటివాళ్లు పట్టుబట్టి రోజూ చేయించడం డబ్బు దండగ. అమ్మగారి శ్వాస లెక్కపెట్టండి. నిమిషానికి 22 లేదా అంతకంటే ఎక్కువున్నా, పై బీపీ 100కి దిగినా, మాట తడబడుతున్నా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పాలి.

ఒక్క మినహాయింపు ఉంది. ఐఎల్-6 పనిని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ఐఎల్-6 చెప్పే కబురు కాలేయానికి చేరదు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ తక్కువ చూపిస్తుంది, ఐఎల్-6 మాత్రం రక్తంలో పేరుకుని ఎక్కువ కనబడుతుంది. ఆ ఇంజెక్షన్ సంగతి కొత్త డాక్టరుకి తప్పక చెప్పాలి.

ప్రశ్న: మాది విజయనగరంలో చిన్న ల్యాబ్. ఐఎల్-6 శాంపిళ్లు సాయంత్రం విశాఖ పంపుతాం. ఒకే పేషెంటుకి ఒకరోజు 9, మర్నాడు 70 వచ్చింది. తప్పెక్కడ జరిగి ఉంటుంది?
– ఒక టెక్నీషియన్

జవాబు: ముందు, అది తప్పే కాకపోవచ్చు. ఒక్క రోజులో అంత మారడం సాధ్యమే. తప్పు జరిగి ఉంటే మాత్రం సూది గుచ్చిన సమయానికీ, సీరం వేరుచేసిన సమయానికీ మధ్యే వెతకండి. ట్యూబులో తెల్లకణాలు బతికే ఉంటాయి. ఎండలో, వేడి గదిలో గంటల తరబడి ఉంచితే అవి సైటోకైన్లు వదలవచ్చు, ఉన్నవి విరిగిపోనూవచ్చు. ఫలితం ఎటు జరుగుతుందో ముందే ఊహించలేం, కాబట్టి తరవాత సరిదిద్దే దారి లేదు.

రక్తం తీశాక ట్యూబును 30 నిమిషాలు నిలువుగా ఉంచి గడ్డకట్టనివ్వండి. తరవాత సెంట్రిఫ్యూజ్‌లో 1,500 జి వద్ద 10 నిమిషాలు తిప్పండి. జి అంటే శాంపిల్ మీద పడే బలం, ఆర్‌పీఎం అంటే నిమిషానికి తిరిగే చుట్లు, రెండూ వేరు. రోటరు వ్యాసార్థం 10 సెంటీమీటర్లైతే అది 3,700 ఆర్‌పీఎం దగ్గరికి వస్తుంది. సీరాన్ని అర మిల్లీలీటరు చొప్పున రెండు ట్యూబుల్లోకి తీయండి. ఒకటి ఐస్‌ప్యాక్‌లతో 2–8 డిగ్రీల్లో అదే సాయంత్రం బండెక్కాలి. రెండోది మైనస్ 20లో మీ దగ్గరే ఉండాలి, గొడవొస్తే అదే సాక్ష్యం. వేరుచేయని రక్తాన్ని ఐస్‌కి ఆనించవద్దు, ఎర్రకణాలు పగులుతాయి. ఇంట్లో వాడే ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ ఫ్రీజరు మంచు కరిగించుకోవడానికి మధ్యమధ్యలో వేడెక్కుతుంది. అందులో దాచిన శాంపిల్‌ని నమ్మలేం.

ఒకరోజు సీరం, ఇంకోరోజు రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబు పంపితే ఆ రెండు అంకెలనూ పోల్చకూడదు. పేషెంటుని కూడా రెండు మాటలడగండి. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతున్నారా? కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల ఐఎల్-6 ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. కీళ్లవాతం ఉందా? అలాంటివారి రక్తంలో ఉండే రుమటాయిడ్ ఫ్యాక్టర్, ఐఎల్-6 కిట్‌లోని యాంటీబాడీలను తనే కలిపేసి లేని ఐఎల్-6ని చూపించవచ్చు. రోజంతా పొలంలో ఒళ్లొంచి పనిచేసి నేరుగా వచ్చినవారిలోనూ పెరుగుతుంది, కండరాలే దాన్ని వదులుతాయి.

ప్రశ్న: ఈఎస్‌ఆర్ చవకే కదా, అది చాలదా?
– ఒక ఆరోగ్య కార్యకర్త, ఎస్.కోట

జవాబు: ఈఎస్‌ఆర్ అంటే ట్యూబులో ఎర్రకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో చూసే పరీక్ష. రక్తహీనత ఉంటే, గర్భిణుల్లో, వాపు లేకపోయినా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో కణాలు ఒకదానిమీదొకటి దొంతర కట్టవు కనుక జబ్బున్నా తక్కువ చూపిస్తుంది. మీ ఏజెన్సీ ఊళ్లలో ఈ రెండూ గుర్తుంచుకోవాలి. వీలైతే సీఆర్‌పీ చేయించండి.

ప్రశ్న: నాకు కీళ్లవాతం. టీఎన్‌ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్ రాసి, ముందు టీబీ పరీక్ష చేయించుకోమన్నారు. నాకు దగ్గే లేదు, ఎందుకు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: టీఎన్‌ఎఫ్ కూడా సైటోకైనే. మీ కీళ్లను పాడుచేస్తున్నది అదే, ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న టీబీ క్రిముల చుట్టూ కణాల గోడను నిలబెడుతున్నదీ అదే. దాన్ని ఆపితే గోడ సడలుతుంది. అందుకే ఛాతీ ఎక్స్‌రేతో పాటు మాంటూ అనే చర్మ పరీక్ష గానీ ఇగ్రా అనే రక్త పరీక్ష గానీ చేస్తారు. ఇగ్రాలో మీ రక్తానికి టీబీ ప్రొటీన్లు చూపించి, 16 నుంచి 24 గంటలు 37 డిగ్రీల్లో ఉంచి, తెల్లకణాలు ఎంత ఇంటర్‌ఫెరాన్ గామా వదిలాయో కొలుస్తారు. మీరు స్టెరాయిడ్లు వాడుతుంటే ఫలితం తేలకపోవచ్చు, ముందే చెప్పండి.

పాజిటివ్ వస్తే టీబీ జబ్బు ఉన్నట్టు కాదు, క్రిమి ఒంట్లో చేరి ఉందన్నమాట. జబ్బు లేదని తేల్చుకున్నాక నివారణ మందు మొదలుపెట్టి, సాధారణంగా ఒక నెలైనా గడిచాక ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మధ్యలో మానకండి.

ప్రశ్న: మాది ఉద్దానం. ఐఎల్-6 చేయిస్తే కిడ్నీ జబ్బు ముందే తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: తెలియదు. కిడ్నీ దెబ్బతిన్నాక ఐఎల్-6 పెరుగుతుంది, ఎందుకు దెబ్బతింటోందో చెప్పదు. ఆ డబ్బుతో సీరం క్రియాటినిన్ చేయించి, వయసుతో లెక్కకట్టిన ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం అంచనా, రాయమని అడగండి. మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి కూడా చూపించుకోండి. అయితే మీ ప్రాంతపు జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు కనుక, మూత్రం బాగుందని ఊరుకోవద్దు. ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువ వస్తే 3 నెలలకు మళ్లీ చేయించండి, ఈలోగా నొప్పి బిళ్లలు ముట్టుకోకండి.